విమానంలో కిటికీ సీటు: దక్షిణం చూస్తే రేవు, ఉత్తరం చూస్తే సింహాద్రి

విశాఖపట్నం (మా గ్రామీణ విలేకరి): విమానం ఎక్కడం మన పల్లెల్లో ఇప్పుడు పెద్ద వింతేమీ కాదు. కొడుకు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగం చేస్తుంటాడు. పండుగకు అమ్మానాన్నలకు టిక్కెట్టు పంపుతాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి పోయే కుర్రాళ్ళు సరేసరి. అయినా నలుగురు కూర్చుని విమానం ఎక్కొచ్చిన ముచ్చట చెప్పుకుంటుంటే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. కిటికీ పక్క సీటు కోసం పట్టుపట్టినవాళ్ళు చాలామందే. అందులోంచి ఏం కనిపించిందంటే మాత్రం, మబ్బులు కనిపించాయి, రెక్క కనిపించింది అంటారు. విశాఖ రేవు చూశారా అంటే మొహాలు చూసుకుంటారు. రేవు అవతలి పక్క కిటికీల్లోంచి కనిపించి వెళ్ళిపోయింది మరి.

కిటికీ సీటు సంపాదించడం సగం పనే. ఏ దిక్కు కిటికీ అన్నది మిగతా సగం. ఆ సగం ఎవరూ చెప్పరు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి 'కిటికీ కావాలా, నడవ పక్కన కావాలా' అని అడుగుతుందే గాని 'తూర్పా పడమరా' అని అడగదు.

ఎడమ కుడి కాదు, దిక్కులు చూడాలి

పట్నవాసులు ఎడమ, కుడి అని లెక్క వేసి పొరబడుతుంటారు. విమానం మలుపు తిరిగితే ఎడమ చేతివైపు ఉన్నది కుడికి పోతుంది. దిక్కులు ఎక్కడికీ పోవు. పొలం గట్టు మీద నిలబడి 'ఉత్తరం మడి, దక్షిణం మడి' అని చెప్పుకునే రైతుకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. విశాఖ విమానాశ్రయం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా పరచి ఉంది. దానికి దక్షిణాన, ఆగ్నేయాన ఓడరేవు, డాల్ఫిన్ నోస్ కొండ, షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం, గాజువాక, ఇంకా కిందికి ఉక్కు కర్మాగారం. ఉత్తరాన సింహాచలం కొండ. ఈశాన్యాన నగరం, బీచ్ రోడ్డు, కైలాసగిరి. విమానం ఎటునుంచి వచ్చినా, ఎటు పోయినా ఈ అమరిక మారదు. కనుక 'నాకు ఏ పక్క కిటికీ?' అని కాకుండా 'నేను దక్షిణం చూడాలా, ఉత్తరం చూడాలా?' అని ముందుగా తేల్చుకోవాలి.

ఆ తర్వాత విమానం ముక్కు ఎటు ఉంటుందో తెలుసుకోవాలి. ముక్కు పడమరకు ఉంటే దక్షిణం ఎడమ చేతివైపు వస్తుంది. ముక్కు తూర్పుకు ఉంటే దక్షిణం కుడి చేతివైపు. ఇంతే లెక్క.

సీట్ల మీద అక్షరాలుంటాయి. మామూలుగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకం విమానాల్లో నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లు. ముక్కువైపు తిరిగి నిలబడితే ఎడమ కిటికీ పక్కది 'ఏ', కుడి కిటికీ పక్కది 'ఎఫ్'. ఏటీఆర్ అనే పంకాల విమానంలో రెండేసి సీట్లే. అక్కడా ఎడమ కిటికీ 'ఏ'యే.

గాలి ఎటునుంచి వీస్తే ముక్కు అటు

విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. గాలిపటం ఎగరేసే కుర్రాడు ఎటు పరుగెత్తుతాడో చూసినవారికి ఇది తెలిసిన సంగతే. ఎదురుగాలి రెక్కలకు బలం ఇస్తుంది, తక్కువ పరుగుతో పని జరుగుతుంది. విశాఖ రన్‌వే చివర్లలో ఒకవైపు 10 అని, రెండోవైపు 28 అని పెద్ద అంకెలు రాసి ఉంటాయి. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్న తీసేస్తే వచ్చే అంకెలవి. 10 అంటే సుమారు 100 డిగ్రీలు, అంటే తూర్పు ముఖం. 28 అంటే 280 డిగ్రీలు, పడమర ముఖం.

నైరుతి గాలి వీచే రోజుల్లో విమానం సముద్రం మీదినుంచి వచ్చి పడమర ముఖంగా దిగుతుంది. ఈశాన్యపు గాలి తిరిగాక అనకాపల్లి, సబ్బవరం వైపునుంచి వచ్చి తూర్పు ముఖంగా దిగవచ్చు. ఏ రోజు ఎటునుంచో టిక్కెట్టు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేరు. బయలుదేరే రోజు ఉదయం ధాన్యం తూర్పారబట్టేవాడు చూసినట్టు గాలి ఎటు ఉందో చూసుకుంటే కొంత ఊహించవచ్చు.

సముద్రం మీదినుంచి దిగేటప్పుడు

చూడదగ్గదంతా ఇక్కడే ఉంది. విమానం సముద్రం మీద తిరిగి, ముక్కు పడమరకు పెట్టి కిందికి దిగుతూ వస్తుంది. ఎడమ కిటికీ, అంటే 'ఏ' సీటులో ఉన్నవారికి మొదట లంగరు వేసి రేవులోకి పిలుపు కోసం కాచుకున్న ఓడలు కనిపిస్తాయి. పైనుంచి చూస్తే చెరువులో తేలే తాటి డొక్కుల్లా ఉంటాయి. తర్వాత బయటి రేవు, అలల్ని ఆపడానికి సముద్రంలోకి పోసిన రాతి గట్లు. ఆ వెంటనే డాల్ఫిన్ నోస్ కొండ, దానిమీద దీపస్తంభం.

కొండ పక్కనుంచి లోపలి రేవుకు పోయే సన్నని నీటిదారి కనిపిస్తుంది. నేలమీద నిలబడి చూస్తే ఇది అర్థం కాదు. పైనుంచి చూస్తే ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ దారికి పాతపట్నం వైపు మూడు చిన్న కొండలు. ఒకదానిమీద వెంకటేశ్వరుని గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత చర్చి. ఓడ ఏదైనా ఈ ముగ్గురి ముందునుంచే లోపలికి పోవాలి. లోపలి రేవు ఒకప్పుడు ఉప్పుటేరు బురదనేల. దాన్ని తవ్వి తీసి 1933లో రేవు తెరిచారు. బయటి రేవు 1976లో వచ్చింది. నీరు చేతివేళ్ళలా చీలి నేలలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ వేళ్ళ పక్కన నల్లగా బొగ్గు కుప్పలు, ఎర్రగా ఇనుపరాయి కుప్పలు. కేకే లైను మీద గూడ్సు బండ్లలో బైలదిల్లా కొండలనుంచి వచ్చే రాయి ఇదే. అరకు వెళ్ళే బండి ఆపి మరీ గూడ్సుకు దారి ఇస్తుంటే విసుక్కునే మనకు, ఆ రాయి ఎక్కడికి చేరుతుందో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

పక్కనే హిందూస్థాన్ షిప్‌యార్డు. స్వతంత్రం వచ్చాక 1948లో ఇక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ నీటిలోకి దింపారు. ఇవతల చమురు శుద్ధి కర్మాగారం తెల్లని ట్యాంకులు, క్యారమ్ బిళ్ళలు వరసగా పేర్చినట్టు. ఇంకా దూరంగా, దక్షిణాన, పొగ గొట్టాల గుంపు. అది ఉక్కు.

ఇదంతా చూడటానికి ఎంత సమయం దొరుకుతుందనుకున్నారు? తీరం దాటాక రన్‌వే కొద్ది కిలోమీటర్లే. దిగే విమానం గంటకు రెండు వందల యాభై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉంటుంది. అంటే రెండు మూడు నిమిషాలు. బెల్టు సరిచేసుకుంటూ, కాళ్ళకింద సంచి వెతుక్కుంటూ ఉంటే అయిపోయినట్టే. ఆ పనులన్నీ ముందే ముగించుకుని కిటికీకి అతుక్కుని ఉండాలి.

అదే సమయంలో కుడిపక్క 'ఎఫ్' సీటులో ఉన్నవారికి బీచ్ రోడ్డు, ఒడ్డున గీసిన నల్లగీతలా కురుసుర జలాంతర్గామి, అవతల కైలాసగిరి, నగరం ఇళ్ళు, చివరికి సింహాచలం కొండ కనిపిస్తాయి. అప్పన్న భక్తులు ఆ పక్కే కోరుకుంటే తప్పులేదు. కొండ బాగా దగ్గరగానే వస్తుంది. కాని బీచి, కొండ మనం బస్సెక్కి వెళ్ళి చూడగలం. రేవు అలా చూడగలమా?

గోడ అవతల ఏముంది?

నేను దక్షిణం కిటికీ కోసం ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. విశాఖలో పెద్దవన్నీ గోడల వెనకే ఉన్నాయి. రేవుకు గేటు పాసు కావాలి. షిప్‌యార్డుకు పాసు, రిఫైనరీకి పాసు, ఉక్కు కర్మాగారానికి పాసు. నౌకాదళం సంగతి చెప్పక్కర్లేదు. బస్సులో పోతుంటే మైళ్ళకొద్దీ ప్రహరీ గోడ కనిపిస్తుంది, అంతే.

ఉక్కు కర్మాగారం కోసం 1966లో జరిగిన ఆందోళనలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ మధ్యలో వేలాది కుటుంబాలు పొలాలు, ఇళ్ళు, గుడులు, చెరువులు వదిలి అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు పునరావాస కాలనీలకు వచ్చేశాయి. భూమి ఇచ్చినవాళ్ళలో ఉద్యోగం దొరకనివారు ఆ గోడ అవతల తమ ఊరు ఉన్న చోట ఇప్పుడు ఏముందో చూసి ఎరుగరు. వాళ్ళ మనవలు విమానం టిక్కెట్టు కొని ఇచ్చే రోజులు వచ్చాయి. ఆకాశంలో గేటు లేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేరు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టిన మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, వాటి పక్క పొగ గొట్టాలు, అద్దం పరిచినట్టు కణితి జలాశయం, మధ్యలో మిగిలిన పచ్చని కొండ బోళ్ళు అన్నీ దక్షిణం కిటికీలోంచి కనిపిస్తాయి. ఏ కొండ పక్కన తమ ఊరు ఉండేదో వాళ్ళకు తెలుసు. కొండలు కదల్లేదు కనుక చోటు గుర్తుపట్టడం కష్టం కాదు. అలాంటి పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవారు నడవ పక్కన కూర్చోబెట్టవద్దు.

ఫొటోల సంగతి మాత్రం జాగ్రత్త. విశాఖ రన్‌వే నౌకాదళానిది. 1991లో ఐఎన్‌ఎస్ డేగ పేరుతో అక్కడ వైమానిక స్థావరం ఏర్పడింది. రక్షణశాఖ విమానాశ్రయాల్లో ఫొటోలు తీయడం నిషేధం. విమానం నేలమీద ఉండగా ఫోను జేబులో పెట్టుకోవడమే మేలు. సిబ్బంది కిటికీ తలుపు దించమంటే దించాల్సిందే.

హైదరాబాదు దారిలో

హైదరాబాదునుంచి విశాఖకు వచ్చేటప్పుడు దారంతా ముక్కు తూర్పుకు ఉంటుంది. 'ఏ' కిటికీ ఉత్తరం చూస్తుంది. ఖమ్మం దాటాక కింద నేల ముడతలు పడటం మొదలవుతుంది. గోదావరి పాపికొండల మధ్య సన్నగా దూరి బయటికొచ్చే చోటు, భద్రాచలం వైపు అడవులు, ఆ తర్వాత మన్యం కొండలు అటే. 'ఎఫ్' కిటికీ దక్షిణం. వాతావరణం నిర్మలంగా ఉంటే రాజమండ్రి దగ్గర వెడల్పయిన గోదావరి, ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడినుంచి గౌతమి, వశిష్ఠలుగా చీలిన పాయలు, మధ్యలో కోనసీమ పచ్చదనం దూరంగా కనిపిస్తాయి.

ఇక్కడో చమత్కారం ఉంది. విశాఖ చేరాక విమానం సముద్రం మీదికి పోయి వెనక్కి తిరిగి పడమర ముఖంగా దిగితే, దారంతా ఉత్తరం చూసిన 'ఏ' కిటికీయే ఇప్పుడు దక్షిణానికి తిరుగుతుంది. అంటే ఒక్క టిక్కెట్టుతో పాపికొండలూ వచ్చాయి, రేవూ వచ్చింది. కనుక హైదరాబాదునుంచి వచ్చేవారు కళ్ళు మూసుకుని 'ఏ' అడగవచ్చు. గాలి అటు తిరిగి నేరుగా తూర్పు ముఖంగా దిగితే ఉక్కు కర్మాగారం, అనకాపల్లి చెరకు పొలాలు 'ఎఫ్' వారి వాటాకు పోతాయి. 'ఏ' వారికి సింహాద్రి మిగులుతుంది. అదీ నష్టమేమీ కాదు.

విశాఖనుంచి బయలుదేరేటప్పుడు తూర్పు ముఖంగా లేస్తే రేవు 'ఎఫ్' వైపు, పడమర ముఖంగా లేస్తే గాజువాక, ఉక్కు 'ఏ' వైపు.

చెన్నై పోయే విమానం మామూలుగా తీరం వెంట నైరుతికి పోతుంది. నేల కుడిపక్క, నీరు ఎడమపక్క. కలకత్తా పోయేదానికి ఇది తిరగబడుతుంది. నేల ఎడమపక్క. భీమిలి ఇవతల ఎర్రమట్టి దిబ్బలు, అటుపైన ఒరిస్సాలో చిలకా సరస్సు ఎడమ కిటికీవే. ఢిల్లీ విమానం గురించి నేను పెద్దగా చెప్పను. కాసేపట్లో మనకు పరిచయం లేని నేల వచ్చేస్తుంది, కునుకు తీయవచ్చు.

మన ఊరు కనిపిస్తుందా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. పెద్ద విమానం మధ్యదారిలో పది కిలోమీటర్ల ఎత్తున పోతుంది. ఆ ఎత్తునుంచి ఇల్లు కనిపించదు, ఊరే గుప్పెడు ఇసక చల్లినట్టు ఉంటుంది. లేచిన కొత్తలో, దిగే ముందు మాత్రమే గుర్తుపట్టగలం. ఇళ్ళకోసం వెతకవద్దు. నీటికోసం వెతకాలి. చెరువు ఆకారం, దాని గట్టు వంపు, పక్కనున్న బోడికొండ, రైలు కట్ట, ఈ నాలుగూ ముందే మనసులో పెట్టుకుంటే ఊరు దొరుకుతుంది. తీరం వెంట పోయేటప్పుడు నదుల వరస తెలిసి ఉంటే ఎక్కడున్నామో లెక్కపెట్టుకోవచ్చు. విశాఖకు ఉత్తరాన మొదట భీమిలి దగ్గర గోస్తని, తర్వాత కోనాడ దగ్గర చంపావతి, ఆపైన నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార. విశాఖకు దక్షిణాన శారద, వరాహ, తాండవ, ఆ తర్వాత గోదావరి. వేసవిలో ఇవి తెల్లని ఇసక గీతలు. వానలు పడ్డాక సముద్రంలో కలిసే చోట ఎర్రనీరు విసనకర్రలా పరుచుకుంటుంది.

ఋతువు చూసుకోవడం మంచిది. ఆషాఢ శ్రావణాల్లో మబ్బు తప్ప ఏమీ కనిపించదు. వేసవి మధ్యాహ్నాలు దుమ్ముతో మసకగా ఉంటాయి. వానలు వెనకబట్టి, గాలి కడిగినట్టు ఉన్న రోజులు అన్నిటికన్నా మంచివి. వరి పండుబారే వేళ అయితే పొలాలు పసుపు దంచి ఆరబోసినట్టే. తుపాను గొడవ లేకుండా చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విమానాశ్రయం పైకప్పే లేచిపోయింది.

ఎండ సంగతీ ఉంది. దక్షిణం కిటికీకి చలికాలంలో రోజంతా ఎండ తగులుతుంది. నీటిమీద మెరుపు కళ్ళలో పడుతుంది. ఉత్తరం కిటికీ నీడపట్టున ఉంటుంది, చూపు తేటగా ఉంటుంది. మే, జూన్ నెలల్లో పొద్దున, సాయంత్రం ఎండ ఉత్తరం నుంచి కూడా వస్తుంది కనుక అప్పుడు రెండూ సమానమే. రేవు చూడాలంటే మట్టుకు కాస్త ఎండ ఓర్చుకోవాలి.

డబ్బు కట్టాలా?

సీటు ముందుగా ఎంచుకుంటే విమానాల కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. కిటికీకి ఒక ధర, ముందు వరసకు ఇంకో ధర. ఎంచుకోకపోతే వాళ్ళే ఏదో ఒక సీటు వేస్తారు, దానికి రుసుము ఉండదు. కౌంటరుకు తొందరగా చేరి, మర్యాదగా 'అమ్మా, మొదటిసారి ఎక్కుతున్నాం, ఎడమ కిటికీ మిగిలి ఉంటే ఇప్పించండి' అని అడిగి చూడవచ్చు. ఉంటే ఇస్తారు. లేదంటే గొడవపడి ప్రయోజనం లేదు.

డబ్బు కట్టి కొనేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పెద్ద విమానాల్లో సుమారు తొమ్మిదో వరసనుంచి ఇరవయ్యో వరస దాకా కింద రెక్క అడ్డం. ఆ వరసల్లో కిటికీ కొంటే రెక్క మీది మరలు లెక్కపెట్టుకోవడమే. బాగా ముందో, బాగా వెనకో చూసుకోవాలి. ఏటీఆర్‌లో రెక్క పైన ఉంటుంది. కిందికి చూపు ఎక్కడినుంచైనా దొరుకుతుంది. చూడటం కోసమే పోయేవారికి ఆ చిన్న విమానమే మేలని నా అభిప్రాయం. పైగా అది అంత ఎత్తుకూ పోదు. ఇక కొన్ని బోయింగ్ 737లలో రెక్కకు కాస్త ముందు, ఎడమపక్క ఒక వరసలో కిటికీ సీటు అని పేరేగాని కిటికీ ఉండదు. చల్లగాలి గొట్టం గోడలోంచి పోవడం వల్ల అక్కడ కిటికీ పెట్టలేదు. డబ్బు కట్టి గోడ చూసుకుంటూ కూర్చోవాలి. అత్యవసర ద్వారం పక్క సీట్లు వృద్ధులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు.

అద్దంలో అడుగున చిన్న రంధ్రం కనిపిస్తే కంగారుపడి పిలవవద్దు. లోపలి అద్దాల మధ్య గాలి సమానంగా ఉండటానికి, పొగమంచు పట్టకుండా ఉండటానికి పెట్టిన రంధ్రమది. బయటి అద్దం గట్టిగానే ఉంటుంది.

భోగాపురం అయితే లెక్క వేరు

ఇప్పటిదాకా చెప్పినది పాత విశాఖ రన్‌వేది. భోగాపురం కొత్త విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. అది నగరానికి ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్లు. టిక్కెట్టు మీద ఏ విమానాశ్రయం ఉందో చూసుకోవాలి. భోగాపురంలో దిగేవారికి చంపావతి, గోస్తని, భీమిలి తీరం, కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు దగ్గరపడతాయి. డాల్ఫిన్ నోస్, మూడు కొండలు, రేవు వేళ్ళు, ఉక్కు గొట్టాలు మాత్రం దూరమైపోతాయి.